మైదానం నడుమ నిలబడిన మనిషి – వాల్టర్ టల్



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని అడిగినప్పుడు మేము చాలా ఆలోచించాం. బాబాసాహెబ్ గురించి, ఫూలే గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాలి కూడా. ఈసారి మాత్రం ఒక ఫుట్‌బాల్ ఆటగాడి గురించి రాస్తున్నాం. ఆయన దేశం ఇంగ్లండ్. చనిపోయి నూరేళ్లు దాటింది. అక్కడ బాగా తెలిసిన పేరే గానీ మన దగ్గర విన్నవాళ్లు తక్కువ. అయినా ఆయన బాల్యం చదువుతుంటే మాకు మన ట్రంకు పెట్టెలే గుర్తుకొచ్చాయి.

వాల్టర్ టల్ 1888 ఏప్రిల్ 28న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఫోక్‌స్టన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి డేనియల్ వడ్రంగి. వెస్టిండీస్‌లోని బార్బడోస్ దీవి నుంచి బతుకుతెరువు కోసం ఓడెక్కి వచ్చిన నల్లజాతి మనిషి. డేనియల్ తండ్రి ఆ దీవిలో బానిసగా బతికినవాడు. తల్లి ఆలిస్ ఆ ప్రాంతపు తెల్లజాతి స్త్రీ. వాల్టర్‌కు ఏడేళ్లప్పుడు, 1895లో, తల్లి క్యాన్సర్‌తో కన్నుమూసింది. పిల్లలను చూసుకునే దిక్కు కావాలని తండ్రి ఆమె బంధువు క్లారాను పెళ్లి చేసుకున్నాడు. రెండేళ్లు తిరగకుండానే, 1897లో, గుండె జబ్బుతో తండ్రీ పోయాడు. క్లారా చేతిలో తాను కన్న పసిబిడ్డ, పక్కన ముందు భార్య పిల్లలు, ఇంట్లో సంపాదన లేదు. చేసేది లేక 1898లో వాల్టర్‌ను, రెండేళ్లు పెద్దవాడైన అన్న ఎడ్వర్డ్‌ను లండన్ తూర్పు భాగాన బెత్నల్ గ్రీన్‌లో మెథడిస్టు చర్చి వారు నడిపే అనాథాశ్రమంలో చేర్పించారు. అప్పటికి వాల్టర్‌కు ఇంకా పదేళ్లు నిండలేదు.

ఆశ్రమంలో గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. కష్టమైనా అన్న పక్కనే ఉన్నాడన్న ధైర్యం ఉండేది. ఆ ధైర్యం కూడా ఎంతో కాలం నిలవలేదు. ఆశ్రమం పిల్లలు పాటల బృందంగా ఊళ్లు తిరిగి చందాలు పోగు చేసేవారు. అలా స్కాట్లండ్‌లోని గ్లాస్గో వెళ్లినప్పుడు ఎడ్వర్డ్‌ను అక్కడి వార్నాక్ కుటుంబం చూసి ముచ్చటపడింది. 1900లో అతన్ని దత్తత తీసుకుంది. అన్నకు ఇల్లు దొరికింది. పన్నెండేళ్ల తమ్ముడు ఆశ్రమంలో మిగిలిపోయాడు.

ఈ ఘట్టం దగ్గర మేము పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాం. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కినవాళ్లం మేమే మొదలు. మేము ఆరో తరగతిలో ఈ హాస్టల్‌కు వచ్చిన ఏడే మా అన్న బడి మానేసి తాపీ పనికి వెళ్లాడు. ఇద్దరిలో ఒకరే చదవగలిగిన ఇల్లు మాది. వాల్టర్ విషయంలో వెళ్లింది అన్న, మిగిలింది తమ్ముడు. మా విషయంలో అది తిరగబడింది. విడిపోవడంలోని బాధ మాత్రం ఒక్కటే.

ఆశ్రమంలోనే వాల్టర్ అచ్చు పని నేర్చుకున్నాడు. సీసపు అక్షరాలు పేర్చి పుటలు కూర్చే పని అది. ఖాళీ దొరికితే ఆశ్రమం జట్టులో బంతి ఆడేవాడు. 1908లో క్లాప్టన్ అనే లండన్ అమెచ్యూర్ జట్టు ఆయన్ను పరీక్షించి తీసుకుంది. ఆ ఒక్క సీజన్‌లోనే క్లాప్టన్ జట్టు ఎఫ్.ఎ. అమెచ్యూర్ కప్పుతో సహా మూడు కప్పులు గెలిచింది. మరుసటి ఏడే, 1909లో, టాటెన్‌హామ్ హాట్‌స్పర్ అనే పెద్ద క్లబ్బు ఆయనతో ఒప్పందం చేసుకుంది. ఆ జట్టుతో అర్జెంటీనా, ఉరుగ్వే దేశాలకు వెళ్లి ఆడి వచ్చారు. వారానికి నాలుగు పౌండ్ల జీతం. ఆ రోజుల్లో ఆటగాడికి నిబంధనల ప్రకారం ఇవ్వగల గరిష్ఠ జీతం అంతే. అంటే అనాథాశ్రమం కుర్రాడికి దేశంలోని మేటి ఆటగాళ్లతో సమానమైన జీతం వచ్చింది.

టాటెన్‌హామ్ ఆ ఏడే మొదటి డివిజన్‌కు ఎక్కింది. ఆ డివిజన్‌లో అప్పటికి నల్లజాతి ఆటగాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. 1909 సెప్టెంబరులో వాల్టర్ తొలి లీగ్ మ్యాచ్ ఆడారు. మొదటి వారాల్లో ఆయన ఆటను పత్రికలు మెచ్చుకున్నాయి. అక్టోబరులో బ్రిస్టల్ సిటీ జట్టు మైదానంలో ఆడుతుండగా ప్రేక్షకుల్లో ఒక గుంపు ఆయన రంగును పట్టుకుని తిట్టడం మొదలుపెట్టింది. బంతి కాలికి తగిలినప్పుడల్లా అరుపులే. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు, ఆట ఆపలేదు. ఆ రోజు ఫార్వర్డ్‌లందరిలో ఉత్తముడు టల్ అనీ, సిగ్గుపడవలసింది ప్రేక్షకులేననీ ఒక పత్రికా విలేకరి ధైర్యంగా రాశాడు.

అయితే జరిగిందేమిటి? తిట్టిన గుంపుకు ఏమీ కాలేదు. కొద్ది కాలానికే మొదటి జట్టు నుంచి పక్కకు జరిగింది తిట్లు తిన్న మనిషే. ఆయన రెండేళ్లు ఎక్కువగా రిజర్వు జట్టులోనే ఆడవలసి వచ్చింది. టాటెన్‌హామ్‌కు ఆయన ఆడిన లీగ్ మ్యాచ్‌లు మొత్తం 10, చేసిన గోల్స్ 2.

ఇలాంటిది మనకు కొత్త కాదు. కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో కబడ్డీ పోటీలకు మన హాస్టల్ జట్టు వెళ్లింది. గట్టు మీద కూర్చున్నవాళ్లు మన కులాన్ని, హాస్టల్ అన్నాన్ని కలిపి ఎగతాళి చేశారు. మ్యాచ్ గెలిచాం. కానీ మాలో అందరికంటే బాగా కూతకు వెళ్లే మిత్రుడు ఆ తర్వాత మళ్లీ బరిలోకి దిగలేదు. అతనికి ఏం చెప్పాలో అప్పుడు మాకు తెలియలేదు. వాల్టర్ తర్వాతి కథ తెలిసి ఉంటే అదే చెప్పేవాళ్లం.

1911 అక్టోబరులో వాల్టర్ నార్తాంప్టన్ టౌన్ అనే చిన్న క్లబ్బుకు మారారు. అది మొదటి డివిజన్ కాదు, సదరన్ లీగ్. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగినట్టే. ఆ జట్టు మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్. తర్వాతి కాలంలో హడర్స్‌ఫీల్డ్‌ను, ఆర్సెనల్‌ను దేశ విజేతలుగా నిలిపిన గొప్ప శిక్షకుడు ఆయనే. నార్తాంప్టన్‌లో వాల్టర్ ఒక మ్యాచ్‌లో ఒక్కరే నాలుగు గోల్స్ కొట్టారు. కానీ ఆయన స్థిరపడిన చోటు గోల్ ముందు కాదు, మైదానం నడుమ. అప్పటి పద్ధతిలో ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు, వెనక ఇద్దరు బ్యాక్‌లు, వారి మధ్య ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు ఉండేవారు. ఇప్పుడు మనం మిడ్‌ఫీల్డర్ అంటున్నది ఆ మధ్యవారినే. ఎదుటివాడి కాళ్ల నుంచి బంతి లాక్కోవాలి, మనవాడికి అందించాలి, మళ్లీ వెనక్కి పరుగెత్తాలి. గోల్ కొట్టినవాడికి చప్పట్లు, అందించినవాడికి ఆయాసం. ఆ చోట ఆయన పాతుకుపోయారు. నార్తాంప్టన్‌కు మొత్తం 111 మ్యాచ్‌లు ఆడారు, గోల్స్ 9. పెద్ద క్లబ్బులో 10, చిన్న క్లబ్బులో 111. ఈ రెండు అంకెలను తమ్ముళ్లు గుర్తుంచుకోవాలి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ డిసెంబరులో ఆయన సైన్యంలో చేరారు. అది ఆటగాళ్లతో కూర్చిన మిడిల్‌సెక్స్ రెజిమెంటు 17వ బెటాలియన్. ఏడాది తిరగకముందే సార్జెంటు స్థాయికి ఎదిగి, 1915 నవంబరులో ఫ్రాన్స్‌కు వెళ్లారు. ఫిరంగి గుండ్ల మోతకు మనసు చెదిరి 1916లో ఆస్పత్రి పాలయ్యారు. కోలుకుని మళ్లీ సోమ్ యుద్ధభూమికి వెళ్లారు. అక్కడ కందకాల జ్వరం పట్టుకుంది.

అప్పటి బ్రిటిష్ సైనిక నిబంధనల ప్రకారం అధికారి కావాలంటే అచ్చమైన ఐరోపా సంతతివాడై ఉండాలి. వాల్టర్ కాదు. అయినా పై అధికారులు ఆయన పేరు సిఫారసు చేశారు. స్కాట్లండ్‌లో శిక్షణ పూర్తి చేసుకుని 1917 మే నెలలో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. ఇదే కాలంలో, 1916-17లో, మన బాబాసాహెబ్ లండన్‌లో చదువుకుంటున్నారు. ఇద్దరూ కలుసుకున్నవారు కారు. కానీ పుట్టుకతో మనిషిని కొలిచే గోడలను ఇద్దరూ ఒకే కాలంలో ఎదుర్కొన్నారని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఆ తర్వాత ఆయన్ను ఇటలీ పంపారు. 1918 జనవరిలో, గడ్డకట్టే చలిలో, పియావే నది దాటి శత్రువు వైపుకు రాత్రి దాడికి తన మనుషులను నడిపించారు. ఒక్కరినీ పోగొట్టుకోకుండా వెనక్కి తెచ్చారు. మేజర్ జనరల్ లాఫర్డ్ ఆయన ధైర్యాన్ని, నిబ్బరాన్ని రాతపూర్వకంగా మెచ్చుకున్నారు. బానిస మనుమడి ఆజ్ఞను తెల్లజాతి సైనికులు నమ్మి నడిచారు.

మార్చిలో బెటాలియన్ ఫ్రాన్స్‌కు తిరిగి వచ్చింది. 1918 మార్చి 21న జర్మన్ల మహాదాడి మొదలైంది. మార్చి 25న ఫావ్రే గ్రామం దగ్గర జరిగిన పోరులో తూటా తగిలి వాల్టర్ ఒరిగిపోయారు. ముప్పై ఏళ్లు నిండడానికి ఇంకా నెల ఉంది. ఆయన దేహాన్ని మోసుకు రావాలని సైనికులు తూటాల మధ్య ప్రయత్నించారు. సాధ్యం కాలేదు. సమాధి లేదు. ఆరాస్ స్మారకం మీద పేరు మాత్రం ఉంది.

కబురు గ్లాస్గోలోని అన్నకు చేరింది. ఎడ్వర్డ్ అప్పటికే చదువుకుని దంతవైద్యుడయ్యాడు. ఆ అనాథాశ్రమం నుంచి వచ్చిన ఇద్దరన్నదమ్ముల్లో ఒకరు వైద్యుడు, ఒకరు సైనికాధికారి.

చాలా కాలం దేశం వాల్టర్‌ను మరిచిపోయింది. 1999లో నార్తాంప్టన్ మైదానం దగ్గర ఆయనకు స్మారకం కట్టారు. 2018లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. నిలువెత్తు గౌరవం ముందుగా ఇచ్చింది 111 మ్యాచ్‌లు ఆడనిచ్చిన ఆ చిన్న ఊరే.

తమ్ముళ్లారా, దరఖాస్తులో చిరునామా రాసేటప్పుడు హాస్టల్ పేరు దగ్గర మేము కూడా కలం ఆపినవాళ్లమే. ఇక ఆపం. మిమ్మల్ని ఒక చోట కాదన్నారంటే ఆట అయిపోయినట్టు కాదు, ఇంకో చోట మీ 111 మిగిలే ఉంది. బరి మానేసిన మా మిత్రునికి ఈ సంచిక పంపుతున్నాం. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, మా అన్నకు కూడా ఈ పుటలు చదివి వినిపిస్తాం.

– ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ.