పెన్షన్ పుచ్చుకున్న రచయిత – ఫ్రాంజ్ కాఫ్కా

అస్తిత్వవాదం పండితుల వ్యవహారమనీ, మనవంటి గుమాస్తాలకు అందేది కాదనీ అనుకుంటాము. కాని ఆ వాదులు తమవాడిగా భావించిన ఫ్రాంజ్ కాఫ్కా 14 ఏళ్లు ఫైళ్ల మధ్య పనిచేసి, పెన్షన్ మీద రిటైరైన ఉద్యోగి.

ఆయన 1883 జూలై 3న ప్రాగ్ నగరంలో ఒక యూదు వర్తకుని ఇంట జన్మించారు. 1906లో న్యాయశాస్త్రంలో డాక్టరేట్ పొంది, 1908లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో చేరారు. ఫ్యాక్టరీలను ప్రమాద తీవ్రతను బట్టి వర్గీకరించటం, యజమానుల అప్పీళ్లకు జవాబులు రాయటం ఆయన పని. చిత్రిక యంత్రాల్లో నలుపలకల ఇరుసుకు బదులు గుండ్రని ఇరుసు బిగిస్తే కార్మికుల వేళ్లు దక్కుతాయని బొమ్మలతో సహా నివేదిక రాశారు. మధ్యాహ్నం 2 గంటలకు ఆఫీసు ముగిసేది. రాత్రిళ్లు కథలు రాసుకునేవారు.

డెన్మార్కు తత్వవేత్త కీర్కెగార్డ్ (1813–1855) రచనలను ఆయన చదివారు. గుంపు వెనుక దాగక ప్రతి మనిషీ తన నిర్ణయం తానే చేసుకోవాలన్నది కీర్కెగార్డ్ బోధ. ఆయన దైవవిశ్వాసం వైపు అడుగు వేశారు. కాఫ్కాకు కనిపించింది మూసిన వాకిలి మాత్రమే.

1915లో అచ్చయిన ఒక కథలో పల్లెటూరి మనిషి చట్టం వాకిట కావలివాడి అనుమతి కోసం జీవితాంతం కూర్చుంటాడు. ఆ ద్వారం తన ఒక్కడి కోసమేనని చివరి క్షణంలో తెలుస్తుంది.

1917లో క్షయ బయటపడింది. 1922 జూలై 1న, 39 ఏళ్లు నిండకుండానే రిటైరయ్యారు. 1924 జూన్ 3న వియన్నా సమీపంలో కన్నుమూశారు. రాతప్రతులు కాల్చివేయమని కోరినా, మిత్రుడు మాక్స్ బ్రాడ్ వాటిని అచ్చువేయించారు. తరువాత ఫ్రెంచి రచయిత ఆల్బర్ట్ కామూ ఆయనపై ప్రత్యేక వ్యాసమే రాశారు.

ఆ కథ చదివినప్పుడు నేను కావలివాడినని తోచింది. ఒక వితంతువు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలను సంతకం తక్కువని మూడుసార్లు తిప్పి పంపాను. అంతా రూలు ప్రకారమే. నాలుగోసారి ఆమె కొడుకు వచ్చాడు. అమ్మ మంచం పట్టిందన్నాడు.

మనిషి తన పదవి చాటున దాగలేడని సార్త్ర్ వాదం. రూలు ప్రభుత్వానిది, తిప్పి పంపిన చెయ్యి నాది. ఇప్పుడు ఏటా లైఫ్ సర్టిఫికెట్ పట్టుకుని కౌంటరుకు ఇవతల నిలబడినప్పుడల్లా ఆమె గుర్తుకు వస్తుంది.

సర్వీసులో ఉన్న మన పిల్లలకు ఈ సంగతి చెప్పండి.