రాచపుండు మర్మమెరిగిన వైద్యుడు: చార్లెస్ హగ్గిన్స్

క్యాన్సర్ వ్యాధిని మన పూర్వులు రాచపుండు అన్నారు. దేహంలో ఒకసారి తలెత్తిన క్యాన్సర్ కణం దేహధర్మాలకు లోబడదని, దాని పెరుగుదలకు అదే కర్త అని ఇరవయ్యో శతాబ్ది నాలుగో దశకంలో సైతం వైద్యులు విశ్వసించేవారు. ఆ విశ్వాసాన్ని సడలించిన శస్త్రవైద్యులు చార్లెస్ బ్రెంటన్ హగ్గిన్స్.

హగ్గిన్స్ 1901 సెప్టెంబరు 22న కెనడా దేశంలోని రేవు పట్టణం హాలిఫాక్స్‌లో జన్మించారు. 1920లో అకాడియా విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రులై, 1924లో హార్వర్డ్‌లో వైద్యపట్టా పొంది, మిషిగన్‌లో శస్త్రచికిత్స అభ్యసించారు. 1927లో షికాగో విశ్వవిద్యాలయపు నూతన వైద్య విభాగంలో అధ్యాపకులుగా చేరారు. అక్కడ ఆయనకు అప్పగించినది మూత్రకోశ వ్యాధుల శాఖ. విచిత్రమేమంటే ఆ శాస్త్రంలో ఆయనకు ప్రత్యేక శిక్షణ లేదు. పాఠ్యగ్రంథాన్ని ముందుంచుకొని తమకు తామే నేర్చుకొన్నారు. ప్రాణవాయువు లభిస్తున్నా క్యాన్సర్ కణాలు చక్కెరను పులియబెట్టి శక్తిని పొందుతాయని చూపిన జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ అంటే ఆయనకు అపారమైన గౌరవం. వ్యాధిని రసాయనశాస్త్ర దృష్టితో చూసే అలవాటు ఆయనలో స్థిరపడింది.

పురుషులలో మూత్రాశయం దిగువన అక్రోటు కాయంత పరిమాణంలో ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. వృషణాలు తీసిన ఎద్దులలో ఈ గ్రంథి చిన్నదై ఉండడాన్ని పద్ధెనిమిదో శతాబ్దిలోనే జాన్ హంటర్ గమనించారు. హగ్గిన్స్ ఈ గ్రంథి స్రావాన్ని విడిగా సేకరించి కొలిచే ఉపాయాన్ని కుక్కలలో కనుగొన్నారు. వృషణాలను తొలగిస్తే స్రావం ఆగిపోయింది, గ్రంథి కుంచించుకుపోయింది. పురుష హార్మోను ఇస్తే స్రావం మళ్ళీ మొదలయింది. స్త్రీ హార్మోను ఇస్తే తగ్గింది. ముసలి కుక్కలకు ఈ గ్రంథిలో సహజంగానే కణుతులు వస్తాయి. హార్మోను అందకపోతే అవి కూడా కృశించాయి.

అయితే కుక్కలో నిజమైనది మనిషిలో నిజమవుతుందా? ఆనాడు ఆయన వద్దకు వచ్చేవారిలో ఎందరికో వ్యాధి ఎముకలకు పాకి ఉండేది. నడుము నొప్పితో మంచం దిగలేక, నొప్పి మందుల మీదనే రోజులు గడిపేవారు. వారికి వృషణాలను తొలగించుకోమని చెప్పడం సామాన్యమైన సాహసం కాదు. పురుషుని అభిమానానికి అంతకంటె పెద్ద దెబ్బ ఉండదు. పైగా ఫలితం కలుగుతుందని హామీ లేదు. వ్యాధి వ్యాపించినవారి రక్తంలో ఆమ్ల ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరుగుతుందని 1938లో గుట్మన్ దంపతులు వెల్లడించారు. హగ్గిన్స్ దానినే కొలబద్దగా గ్రహించారు.

1941లో క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి ఆయన తమ ఫలితాలను ప్రకటించారు. వృషణాలు తీసిన తరువాత, లేక స్త్రీ హార్మోను ఇచ్చిన తరువాత ఎంజైము తగ్గింది. పురుష హార్మోను సూదిమందుగా ఇచ్చినప్పుడు మళ్ళీ పెరిగింది. రోగికి హాని చేయగల ఈ చివరి పరీక్షను నేటి నియమాలు అనుమతిస్తాయా అన్నది వేరే ప్రశ్న. అదే ఏడాది శస్త్రచికిత్స పొందిన 21 మంది రోగుల వివరాలు వెలువడ్డాయి. వారిలో చాలామందికి కొద్ది రోజులలోనే నొప్పి ఉపశమించింది. మంచం పట్టినవారు లేచి తిరిగారు.

దీని అంతరార్థం తరువాతి పరిశోధకులు వివరించారు. వృషణాలలో పుట్టిన టెస్టోస్టెరాన్ కణంలో మరింత బలమైన డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మారి, తన గ్రాహక ప్రోటీనుతో కలిసి కేంద్రకంలో ప్రవేశించి, పెరుగుదలకు కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. కణపు జీవక్రియ కూడా మారుతుంది. ఆరోగ్యకరమైన ప్రోస్టేట్ కణం జింకును నిల్వచేసుకొని, సిట్రేటును దహించక స్రావంలోకి వదులుతుంది. క్యాన్సర్ కణం ఆ జింకును కోల్పోయి, సిట్రేటును తన శక్తికీ, కొవ్వుల నిర్మాణానికీ వినియోగించుకొంటుంది. వార్‌బర్గ్ చెప్పిన చక్కెర కిణ్వనం ఈ వ్యాధిలో తొలి దశలో అంతగా కానరాకపోవడం విశేషం.

తమ విజయం అసంపూర్ణమని హగ్గిన్స్‌కు త్వరలోనే తెలిసింది. కోలుకొన్నవారిలో అధికులకు కొంతకాలానికి వ్యాధి తిరగబెట్టింది. అధివృక్క గ్రంథుల నుండి కూడా పురుష హార్మోన్లు వస్తాయని గ్రహించి, 1945లో వాటిని తొలగించే శస్త్రచికిత్సకు పూనుకొన్నారు. ఆ గ్రంథులు లేనివారిని నిలబెట్టగల కార్టిసోన్ నాటికి అందుబాటులో లేదు. ఫలితాలు నిరాశాజనకమయ్యాయి. 1950 దశకంలో ఆ మందు లభించాక అదే పద్ధతిని రొమ్ము క్యాన్సర్‌కు వర్తింపజేశారు.

1951లో షికాగోలో ఏర్పడిన బెన్ మే ప్రయోగశాలకు 1969 వరకు సంచాలకులుగా ఉన్నారు. ఆ పదవిలో కూడా ప్రయోగాలను తమ చేతులతోనే చేసేవారు. 1941 నాటి కృషికి 1966లో, అంటే పాతికేళ్ళకు, పేటన్ రౌస్‌తో కలిసి నోబెల్ బహుమతి లభించింది. 1997 జనవరి 12న తొంభై అయిదేళ్ళ వయసులో షికాగోలో కన్నుమూశారు.

అధివృక్క గ్రంథులలోనూ, కణితిలోనూ పురుష హార్మోను తయారీని అడ్డుకొనే అబిరటెరోన్ అనే మాత్రకు 2011లో అమెరికాలో అనుమతి లభించింది. హార్మోను చికిత్సకు లొంగకుండా తిరగబెట్టిన వ్యాధికి దానిని తొలుత వాడారు.