ఆ తల్లి చెయ్యి

జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న పిల్లాడి నుదుటిమీద చెయ్యి వేసి తెల్లవార్లూ కూర్చుంటాం. చెయ్యి వేసినంత మాత్రాన జ్వరం తగ్గదని మనకి తెలీక కాదు. అయినా తియ్యబుద్ధి కాదు. ఎందుకూ పనికిరానట్టు కనిపించే ఈ ఆపేక్షే మనిషిని మనిషిగా నిలబెడుతుందని నమ్మిన రచయిత జార్జ్ ఆర్వెల్. రాబోయే చెడ్డకాలాన్ని ఊహించి వచ్చిన నవలల్లో ప్రపంచమంతా చెప్పుకునే '1984' ఆయన రాసిందే.

అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. పుట్టింది మన దేశంలోనే, 1903లో, బీహారులోని మోతీహారీలో. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. మరుసటేడే తల్లి ఐడా పిల్లల్ని తీసుకుని ఇంగ్లండు వెళ్ళిపోయింది.

చదువయ్యాక 1922లో బర్మాలో పోలీసు ఉద్యోగంలో చేరాడు. ఉరికంబం దగ్గరికి నడుస్తున్న ఓ ఖైదీ, దారిలో నీటిగుంట కనిపిస్తే కాళ్ళు తడవకుండా పక్కకి తప్పుకున్న వైనాన్ని తర్వాత ఓ వ్యాసంలో రాశాడు. ఇంకాసేపట్లో పోయే ప్రాణం! అయినా వాడూ మనలాంటివాడే కదా. 1927లో ఆ ఉద్యోగం వదిలేశాడు. పారిస్ హోటల్లో అంట్లు తోమాడు. లండన్‌లో దిక్కులేని వాళ్ళ మధ్య పడుకున్నాడు. పేదవాళ్ళకి కష్టం అలవాటైపోయి బాధ తెలీదనుకోవడం ఎంత పొరపాటో దగ్గరుండి చూశాడు.

1936లో ఐలీన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. 1944లో కొద్ది వారాల పసివాణ్ణి దత్తత తీసుకుని రిచర్డ్ అని పేరు పెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండానే, 1945 మార్చిలో, ఆపరేషన్ చేస్తుండగా ఐలీన్ కన్నుమూసింది. పిల్లాణ్ణి తిరిగి ఇచ్చెయ్యమన్న వాళ్ళున్నారు. ఆయన వినలేదు. చెల్లెలు అవ్రిల్ సాయంతో స్కాట్లండు దగ్గరి జురా దీవిలో పెంచాడు.

'1984' నవల రాసింది అక్కడే. అప్పటికే క్షయ ముదిరింది. మంచంమీదే టైపు చేసి పూర్తిచేశాడు. జబ్బు ఎక్కడ అంటుకుంటుందోనని కొడుకుని దగ్గరికి తీసుకోవడానికే భయపడేవాడు.

ఇంట్లో గోడకున్న తెర కూడా మనిషిని కనిపెడుతూ ఉండే రాజ్యం కథ అది. అందులో ఓ తల్లి ఉంది. కరువు రోజుల్లో ఆమె కొడుకు విన్‌స్టన్, చెల్లెలి చేతిలోని చాక్లెట్ ముక్క లాక్కుని పారిపోతాడు. తల్లి దగ్గర ఇవ్వడానికి ఇంకేం లేదు. చంటిదాని చుట్టూ చెయ్యి వేసి గుండెలకి అదుముకుంటుంది. దాంతో ఆకలి తీరదు. అయినా పెద్దయ్యాక విన్‌స్టన్‌కి గుర్తుండిపోయేది ఆ చెయ్యే. ప్రభుత్వం మనుషుల్లోంచి తుడిచెయ్యాలనుకున్నదీ దాన్నే. చివరికి, తను భరించలేని హింస ఎదురయ్యేసరికి, అదేదో తను ప్రేమించిన జూలియాకే పెట్టమని అరుస్తాడు విన్‌స్టన్. ప్రాణం దక్కుతుంది గానీ లోపలి మనిషి మిగలడు.

నవల 1949 జూన్‌లో వచ్చింది. 1950 జనవరి 21న, 46 ఏళ్ళకే ఆర్వెల్ పోయాడు. అప్పటికి రిచర్డ్‌కి అయిదేళ్ళు. బిడ్డని తనివితీరా ఎత్తుకోలేకపోయిన ఆ తండ్రి మంచంమీంచి రాసిన పుస్తకం ఎక్కడైనా దొరికితే, నిఘా గురించే కాదు, ఆ తల్లి కోసం కూడా ఓసారి చదవండి.