సాలార్‌జంగ్ ఇంటి పింగాణీ

హైదరాబాదులో మూసీ నది దక్షిణపు ఒడ్డున వెలసిన సాలార్‌జంగ్ మ్యూజియంకు విద్యార్థులతో వెళ్ళినప్పుడల్లా మేము ఒక సంగతి గమనిస్తుంటాం. అందరూ గంటలు కొట్టే గడియారం వద్ద గుమిగూడుతారు, మేలిముసుగు రెబెకా ముందు నిలుస్తారు. ఫ్రెంచి పింగాణీ ముందు ఆగేవారు తక్కువ. ఆ పాత్రలను తన ఇంటికి చేర్చుకొన్న మహనీయుని జీవితాన్ని ఇక్కడ స్మరించుకొందాం.

మూడవ సాలార్‌జంగ్ అని ప్రసిద్ధికెక్కిన మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. నెల తిరగకముందే తండ్రి మీర్ లాయఖ్ అలీఖాన్ కన్నుమూశారు. నైజాం రాజ్యానికి చిరకాలం దివానుగా వెలుగొందిన తాతగారు మీర్ తురాబ్ అలీఖాన్ 1883లోనే గతించారు. నిజాం కళాశాలలో చదువుకొన్న యూసుఫ్ అలీఖాన్ 1912లో, ఇరువది మూడేండ్ల ప్రాయంలో, దివాన్ పదవిని అధిష్ఠించారు. 1914లో దానిని విడిచిపెట్టారు. వివాహం చేసుకోలేదు. శేషజీవితమంతా కళాఖండాల సేకరణకే అంకితమైంది. ఐరోపా యాత్రలలో స్వయంగా కొన్నారు. వర్తకులు ఆయన నివాసమైన దివాన్ దేవిడీకి కూడా సరుకు తెచ్చేవారు.

ఆయన సేకరణలోని సేవ్ర్ పింగాణీకి గొప్ప చరిత్ర ఉంది. 1740 ప్రాంతంలో వాన్‌సెన్ కోటలో మొదలైన ఆ కర్మాగారం 1756లో పారిస్ చెంతనున్న సేవ్ర్‌కు తరలింది. 1759లో పదునైదవ లూయీ దానిని స్వంతం చేసుకొన్నాడు. చైనా పింగాణీకి ప్రాణమైన కేవోలిన్ మట్టి లిమోజ్ సమీపంలో 1768లో గాని దొరకలేదు. అంతవరకు సేవ్ర్ పనివారు గాజుపొడి కలిపిన ముద్దతోనే పాత్రలు చేశారు. కొలిమిలో అవి తేలికగా వంగిపోయేవి, పగిలిపోయేవి. నిలిచిన వాటిపై ఆకాశనీలం, గులాబి వన్నెలు లోనికి ఇంకినట్లు మెత్తగా కుదిరేవి. అడుగున పెనవేసుకొన్న రెండు ఎల్ అక్షరాలు రాజముద్ర, వాటి నడుమ అక్షరం తయారైన ఏటికి గుర్తు. పందొమ్మిదవ శతాబ్దంలో ఈ గుర్తుకు నకళ్ళు విస్తారంగా పుట్టాయి. కనుక సేకరించేవారు గుర్తును మాత్రమే నమ్మరాదు; మట్టిని, రంగును, బంగారు పూతను కూడా పరిశీలించాలి.

ఇచ్చట ఒక మాట దాచరాదు. ఇంతటి సేకరణకు ధనం జాగీరు రాబడి నుండి వచ్చింది. ఆ రాబడి రైతులు చెల్లించిన శిస్తు. ప్రభువుల విందుబల్ల కోసం పుట్టిన పళ్ళెం మరొక ప్రభువు ఇంటికి చేరితే సామాన్యునికి ఒరిగిందేమిటని విద్యార్థులు అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే అంటాం. దానికి సమాధానం ఆయన మరణానంతరం లభించింది.

1949 మార్చి 2న సాలార్‌జంగ్ పరమపదించారు. సంతానం లేదు. ఆస్తికి హక్కుదారులమన్నవారు పలువురు. సేకరణను పంచుకొని ఉంటే గిన్నె ఒక ఇంటికి, దాని మూత మరొక ఇంటికి పోయి ఉండేవి. అట్లు జరుగలేదు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే మ్యూజియంను జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1958లో వారసులు రాజీపత్రం ద్వారా సేకరణను భారత ప్రభుత్వానికి సమర్పించారు. 1961లో పార్లమెంటు ఈ మ్యూజియంను జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో అది నేటి భవనంలోకి మారింది.

ఒకనాడు ఆ దేవిడీ గడపలోనికి అడుగుపెట్టలేని రైతుబిడ్డ నేడు టిక్కెట్టు కొని ఆ నీలిరంగు పాత్ర ముందు తన ఇష్టం వచ్చినంతసేపు నిలువగలడు. సేకరించినవాని శ్రమ, శిస్తు కట్టినవాని చెమట, రెండింటికీ అక్కడే సార్థకత. ఈసారి వెళ్ళినప్పుడు గడియారం గంటలు విన్న పిమ్మట ఆ పింగాణీ వద్ద కూడా కొంతసేపు ఆగవలసిందిగా మా విద్యార్థులను కోరుతున్నాం.