రహీము గారు: శ్రమయు విశ్రాంతియు

సయ్యద్ అబ్దుల్ రహీము గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బి.ఏ. పట్టము పొంది, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలయందు ఉపాధ్యాయులైరి. పిల్లలకు చదువు చెప్పిన యీ పంతులుగారే తరువాత భారతదేశపు ఫుట్‌బాలు జట్టునకు గురువైరి.

వీరు తరిఫీదు చేసిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్సు కప్పును గెలుచుకొనెను. బంతిని కాలియొద్ద నిలుపుకొనక వెంటనే తోడివానికి అందించుట, బలహీనమైన కాలితో సయితము ఆడుట వీరు నేర్పిన ముఖ్యపాఠములు. బంతి పరుగిడినచో మనుష్యుని పరుగు తగ్గును. మిగిలిన బలము మరునాటి ఆటకు అక్కరకు వచ్చును.

1951లో ఢిల్లీయందు జరిగిన ఆసియా క్రీడలలో వీరి జట్టు బంగారు పతకము గెలిచెను. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సునందు నాలుగవ స్థానము పొందెను. అయినను వీరికి అసలు పరీక్ష 1962లో జకార్తా ఆసియా క్రీడలయందు కలిగెను. ఆగస్టు 26 మొదలు సెప్టెంబరు 4 వరకు పది దినములలో ఐదు ఆటలు! ఒక ఆటలో అలసిన కండరములు తిరిగి కోలుకొనుటకు రెండు మూడు దినములు పట్టునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అట్టి నడుమ దినములలో ఆడినవారికి తేలిక వ్యాయామమును, మంచి ఆహారమును, నిద్రయు కావలెను. ఆడనివారికి పూర్తి కసరత్తు కావలెను. అందరిచేతను ఒకే రీతిగా శ్రమ చేయించువాడు శిక్షకుడు కాడు.

మొదటి ఆటలో దక్షిణ కొరియా మనవారిని 2-0గా ఓడించెను. థాయిలాండుతో ఆడిన ఆటలో వెనుకవరుస కాపరియగు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. మనవారు థాయిలాండును 4-1గాను, జపానును 2-0గాను గెలిచి ముందుకు సాగిరి. అప్పుడు రహీము గారు గాయపడిన జర్నైలును వెనుకవరుసనుండి తప్పించి ముందువరుసయందు నిలిపిరి. దక్షిణ వియత్నామును 3-2గా గెలిచిన ఆటలోను, తుది ఆటలోను అతడు గోలు చేసెను. తుది ఆటకు గోలుకాపరిగా ప్రద్యుత్ బర్మనునకు మారుగా పీటర్ తంగరాజును నిలిపిరి. మొదట ఓడించిన దక్షిణ కొరియానే మనవారు, లక్ష జనుల యెదుట, 2-1గా గెలిచి బంగారు పతకము తెచ్చిరి. ఎవని దేహమున ఎంత బలము మిగిలియున్నదో, దానిని ఎచ్చట వినియోగింపవలెనో తెలిసిన గురువు విజయమిది.

శిష్యుల బలమును ఇంత జాగ్రత్తగా కాపాడిన ఆ మహనీయునకు స్వదేహమున ఆరోగ్యము లేకపోయెను. ఆ విజయము తరువాత తొమ్మిది మాసములకే, 1963 జూన్ 11వ తేదీన, క్యాన్సరు వ్యాధిచే వారు మరణించిరి. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశమునకు బంగారు పతకము మరల లభింపలేదు.

బాలబాలికలారా! పందెములు దగ్గరపడినప్పుడు పగలెల్ల మైదానమున పరుగిడుటయే పట్టుదల యని తలంపకుడు. గాయమును గురువునకు దాచకుడు. ఈపూరు ఎండలలో ఆడు మీకు నీరును నిద్రయు మరింత ముఖ్యములు. చేను సయితము పంటకును పంటకును నడుమ విశ్రమించి బలము పుంజుకొనును గదా!