ఎవరెస్టు దొర – మన నేలను కొలిచిన మనిషి

ఎవరెస్టు అంటే ఏమిటని అడిగితే మన పిల్లలు ఠక్కున చెబుతారు, లోకంలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరమని. ఆ పేరుతో ఒక మనిషి ఉండేవారనీ, ఆ శిఖరం ఎత్తు కట్టింది ఆయన కాదనీ, ఆయన మన కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో జ్వరంతో చావు అంచుదాకా వెళ్లి వచ్చారనీ పెద్దవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. అందుకని సర్ జార్జి ఎవరెస్టు జీవితాన్ని సంఘ సభ్యులకు, వారి పిల్లలకు నాలుగు మాటల్లో చెప్పదలచుకున్నాము.

ముందుగా అసలు సంగతి. భూమి మీద ఏ ఊరికైనా రెండు అంకెలు చాలు. భూమధ్యరేఖ నుండి ఉత్తరానికో దక్షిణానికో ఎన్ని డిగ్రీలు అన్నది అక్షాంశం. ఇంగ్లండులోని గ్రీనిచ్ నుండి తూర్పుకో పడమరకో ఎన్ని డిగ్రీలు అన్నది రేఖాంశం. మా ఉర్దూ మీడియం తరగతుల్లో వీటినే అర్జుల్ బలద్, తూలుల్ బలద్ అంటాము. అంటే ఊరి వెడల్పు, ఊరి పొడవు అన్నమాట. జగ్గయ్యపేట, నందిగామ, మన రెడ్డిగూడెం మూడూ 17వ అక్షాంశానికి కాస్త దక్షిణాన, 80, 81 రేఖాంశాల మధ్య ఉన్నవి. రాత్రిపూట ఉత్తర దిక్కున ధ్రువ నక్షత్రం నేలకు ఎంత ఎత్తున కనబడుతుందో ఇంచుమించు అంతే మన అక్షాంశం. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే అది సుమారు పది డిగ్రీలు. మన ఊళ్లో ధ్రువ నక్షత్రం రెండు పిడికిళ్ల ఎత్తుకు కొంచెం లోపే ఉంటుంది. పిల్లలు చూసి సరిపెట్టుకోవచ్చును.

వినడానికి ఇది తేలికే. కానీ దేశమంతటికీ ఈ అంకెలు తప్పు లేకుండా కట్టాలంటే భూమి ఆకారం ఖచ్చితంగా తెలియాలి. భూమి నిండు గుండ్రం కాదు, ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉంది. అందువల్ల ఒక డిగ్రీ అక్షాంశం దూరం అన్నిచోట్లా ఒక్కటి కాదు. మన వైపు 110 కిలోమీటర్లకు కాస్త పైన ఉంటుంది. కన్యాకుమారికీ ముస్సోరీకీ సుమారు 250 మీటర్ల తేడా వస్తుంది. ఆ తేడాను పట్టుకోవడానికే ఒక జీవితం ఖర్చయింది.

జార్జి ఎవరెస్టు 1790 జూలై 4న పుట్టినారు. 1806లో, పట్టుమని పదహారేళ్లకే, ఈస్టిండియా కంపెనీ ఫిరంగి దళంలో చేరి మన దేశానికి వచ్చారు. కొంతకాలం జావాలో పని చేశారు. 1818లో హైదరాబాదు వచ్చి విలియం లాంబ్టన్ దొరకు ముఖ్య సహాయకుడుగా చేరారు. లాంబ్టన్ గారు 1802లో మద్రాసు పరంగికొండ దగ్గర మొదలుపెట్టిన కొలత అప్పటికి నిజాము రాజ్యం దాకా వచ్చింది.

ఆ కొలత పద్ధతి ఇది. చదునైన నేల మీద ఒక గీతను ఉక్కు గొలుసుతో అతి జాగ్రత్తగా కొలుస్తారు. దాని రెండు కొసల నుండి దూరాన ఉన్న గుట్టను చూసి కోణాలు తీసుకుంటారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు లెక్కలోనే వస్తాయి. అలా త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ పోవడమే. కోణాలు కొలిచే పెద్ద థియోడలైటు బరువు అర టన్ను. దాన్ని గుట్టల మీదికి మోసింది కూలీలు.

1819లో ఎవరెస్టు దొరను హైదరాబాదుకు తూర్పున కృష్ణా గోదావరుల మధ్య నేలను కొలవడానికి పంపించారు. అంటే మనకు పొరుగునే అన్నమాట. వానాకాలం, దట్టమైన అడవి. వెంట ఉన్న నిజాము సిపాయిలు మేము రామని తిరగబడితే కొందరిని కొరడాలతో కొట్టించారు. ఇది దాచవలసిన సంగతి కాదు, ఆయన కోపిష్టి, కఠినుడు. తర్వాత యెల్లాపురం అడవుల్లో జ్వరం వారినీ వీరినీ చూడలేదు. దొర, ఆయన తోడి డాక్టరు వోయిసీ, నౌకర్లు, సిపాయిలు దాదాపు అందరూ పడకేశారు. హైదరాబాదు నుండి ఏనుగులు, పల్లకీలు పంపించి వారిని తీసుకురావలసి వచ్చింది. కొందరు దారిలోనే ప్రాణాలు విడిచారు. వారి పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు.

1820లో దొర ఆరోగ్యం కోసం ఆఫ్రికా దక్షిణ కొసకు వెళ్లి, తిరిగి వచ్చారు. 1823 జనవరిలో లాంబ్టన్ గారు వార్ధా దగ్గర హింగన్‌ఘాట్‌లో చనిపోగా ఆ బాధ్యత ఈయన మీద పడింది. 1824లో సిరోంజ్ దగ్గర పని చేసేనాటికి కాళ్లు చేతులు స్వాధీనంలో లేక, ఇద్దరు మనుషులు పట్టి కుర్చీలో కూర్చోబెడితేనే పరికరంలోకి చూడగలిగేవారు. 1825లో ఇంగ్లండు వెళ్లి, 1830లో సర్వేయర్ జనరల్‌గా, మెరుగైన పరికరాలతో తిరిగి వచ్చారు. గంగా మైదానంలో గుట్టలు లేనిచోట ఎత్తయిన బురుజులు కట్టించారు. పగటి ఎండలో గాలి అదరడం వల్ల గురి తప్పుతుందని రాత్రిపూట దీపాలు పెట్టించి కోణాలు తీశారు. 1841 నాటికి కన్యాకుమారి నుండి ముస్సోరీ దాకా, 78వ రేఖాంశం వెంట, సుమారు 2,400 కిలోమీటర్ల కొలత పూర్తయింది.

ఈ పనిలో మన వాళ్ల పాలు చిన్నది కాదు. ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్ మద్రాసులో నగల దుకాణంలో పని చేసేవారు. ఆయన చేతి నేర్పు చూసి సర్వే శాఖలోకి తీసుకున్నారు. చెడిపోయిన పరికరాలను విప్పి బాగు చేయడంలో దొర ఆయనను ఎంతో నమ్మారు. ఇంగ్లండు నుండి వచ్చిన బారో వెళ్లిపోయాక పరికరాల పని ఆయన చేతికే వచ్చింది. అలాగే 1831లో చేరిన బెంగాలీ యువకుడు రాధానాథ్ సిక్దార్ లెక్కల్లో దిట్ట. హిమాలయ శిఖరాల ఎత్తులు కట్టిన వారిలో ఆయన ముఖ్యులు.

ఎవరెస్టు గారు 1843లో పదవీ విరమణ చేసి స్వదేశం వెళ్లారు. 1856లో ఆయన తర్వాత వచ్చిన ఆండ్రూ వా, పదిహేనవ నెంబరు శిఖరమే అన్నిటికంటే ఎత్తయినదని, 29,002 అడుగులని ప్రకటించి, దానికి తన గురువు పేరు పెట్టాలన్నారు. గురువు మాత్రం ఒప్పుకోలేదు. తన పేరు హిందీలోనూ ఫారసీలోనూ రాయడానికి కుదరదనీ, ఇక్కడి వారికి నోరు తిరగదనీ అన్నారు. అయినా 1865లో ఆ పేరే ఖాయమైంది. 1866 డిసెంబరు 1న ఆయన కన్నుమూశారు. ఆయన తన పేరును ఈవ్‌రెస్టు అని పలికేవారు. ఇప్పుడు లోకమంతా తప్పు పలుకుతున్నా పేరు మాత్రం నిలిచింది.

ఆయన 1830లో కట్టిన భూమి ఆకారపు లెక్కల మీదనే మన దేశపు సర్వే పటాలు 2005 నాటి కొత్త పటాల విధానం దాకా తయారైనవి. నేడు జేబులోని ఫోను ఉపగ్రహాలను అడిగి ఆ రెండు అంకెలు క్షణంలో చెబుతుంది. ఆ అంకెలతో మనకు రోజూ పని ఉంది. ఒక డిగ్రీ రేఖాంశానికి నాలుగు నిమిషాల తేడా. మక్కాకూ మనకూ సుమారు 41 డిగ్రీలు గనుక అక్కడ సూర్యోదయం ఇంచుమించు రెండు గంటల నలభై నిమిషాలు ఆలస్యం. మన ఊరి నుండి ఖిబ్లా సరిగ్గా పడమర కాదు, సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. వెయ్యేళ్ల నాడు అల్ బెరూనీ ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు కట్టడానికి గ్రంథం రాసిందీ, పంజాబులో కొండ ఎక్కి భూమి చుట్టుకొలతను లెక్కించిందీ ఇటువంటి విద్య కోసమే.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లలకు శిఖరం పేరు మాత్రమే నేర్పి ఊరుకోకండి. మీర్ మొహ్సిన్ పేరు చెప్పండి. మన పొరుగు అడవుల్లో జ్వరంతో పోయిన ఆ పేరులేని సిపాయిలనూ నౌకర్లనూ తలచుకోండి. మన ఊరి రెండు అంకెలను ప్రతి బిడ్డ చేతా నోటికి చెప్పించండి. లెక్కలు బాగా వచ్చిన పిల్లవాడు, చేతిలో పనితనం ఉన్న పిల్లవాడు ఈ విద్యలో ఎక్కడిదాకా పోగలరో ఆర్కాటు సయ్యదు గారు ఎప్పుడో చూపించి వెళ్లారు.