కలిమిలో పుట్టి లేమిని వరించిన ఖలీఫా

కలిమిలేములు కావడికుండలని పెద్దలంటారు. కలిమి మనిషిని గర్విష్ఠిని చేస్తుందని కొందరు, లేమి అతనిని దారి తప్పిస్తుందని మరికొందరు తలుస్తారు. ఈ రెండింటినీ ఒకే జీవితంలో చవిచూచిన మహనీయులు హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్.

ఆయన ఉమయ్యద్ రాజవంశంలో జన్మించారు. తండ్రి ఈజిప్టు పాలకులు. తల్లి రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ గారి మనుమరాలు. యౌవనంలో ఆయన ధరించిన ఖరీదైన వస్త్రాలు, పూసుకొన్న పరిమళ ద్రవ్యాలు నాడు అందరి నోళ్ళలోను నానేవి. అయినా క్రీ.శ. 706లో మదీనా పాలకులుగా నియమితులైన వెంటనే ఆ నగరంలోని పదిమంది ధర్మవేత్తలను పిలిపించి, వారి సలహా లేనిదే ఏ నిర్ణయమూ చేయరాదని నియమం పెట్టుకొన్నారు. భోగభాగ్యాలు ఆయన న్యాయదృష్టిని మరుగుపరచలేదు.

717లో ఖిలాఫత్ భారం ఆయనపై పడింది. ఆనాటితో ఆయన జీవనవిధానమే మారిపోయింది. వంశపారంపర్యంగా సంక్రమించిన భూములను వదులుకొన్నారు. ఫదక్ ఆదాయాన్ని ప్రవక్త వారి కుమార్తె ఫాతిమా సంతతికి అప్పగించారు. బంధువులు ఆగ్రహించినా చలించలేదు. ఇస్లాం స్వీకరించిన వారినుండి జిజియా వసూలు చేయరాదని శాసించారు. దానివలన ఆదాయం తగ్గుతుందని అధికారులు మొరపెట్టుకొన్నా ఆ ఆజ్ఞను మార్చలేదు. ప్రభుత్వకార్యం ముగిసి స్వంత విషయం ప్రస్తావనకు రాగానే ప్రజాధనంతో వెలిగే దీపాన్ని ఆర్పివేసేవారని ప్రతీతి.

ఆయన సతీమణి ఫాతిమా, ఖలీఫా అబ్దుల్ మలిక్ కుమార్తె. ఆమె సోదరులలో నలుగురు ఖలీఫాలయ్యారు. భర్త కోరికపై ఆమె తన నగలను బైతుల్ మాల్‌కు సమర్పించింది. 720లో, నలుబది యేండ్లయినా నిండకముందే, భర్త కన్నుమూశారు. పిదప సింహాసనమెక్కిన సోదరుడు యజీద్ ఆ నగలను తిరిగి ఇవ్వజూపగా ఆమె నిరాకరించిందని చరిత్రకారులు వ్రాశారు. అప్పుడు ఆమెను నిర్బంధించువారెవ్వరూ లేరు. భర్త బ్రతికి ఉండగా విడిచిన దానిని ఆయన పోయిన పిమ్మట ముట్టుకొనుటకు ఆమె మనసొప్పలేదు.

కలిమి వారిని చెరచలేదు. లేమి వారిని తీర్చిదిద్దనూ లేదు, ఏలయనగా ఆ లేమిని వారు కోరి తెచ్చుకొన్నారు. తమ చేతిలోని ప్రతి నాణెమునకు దైవసన్నిధిలో లెక్క చెప్పవలసి ఉన్నదన్న ఎరుకయే వారి శీలానికి పునాది. విద్యార్థి సోదరులారా! రేపు మన చేతికి ధనం రావచ్చు, రాకపోనూ వచ్చు. ఈ ఎరుకను మాత్రం నేడే అలవరచుకొందము.